క్రెడిబిలిటీ లెక్కల్లో థీటా ఎవరిది? చెరువుల మీద పెట్టి చెబుతాను

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో పెడతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మీరు యాక్చువరీల (బీమా లెక్కలు కట్టేవాళ్ల) సీఎస్1 పరీక్షకి చదువుతున్నారు. అందులో క్రెడిబిలిటీ అంటే ఒకరి సొంత క్లెయిముల అనుభవాన్ని ఎంత నమ్మాలి, మిగతా అందరి సగటుని ఎంత నమ్మాలి అని తూచే లెక్క. బేసియన్ క్రెడిబిలిటీ దగ్గర పాయిజాన్ రేటుకి (ఏడాదికి సగటున ఎన్ని క్లెయిములు అనేదానికి) గామా అనే డిస్ట్రిబ్యూషన్‌ని ప్రయర్‌గా, అంటే అనుభవం చూడకముందు పెట్టుకునే నమ్మకంగా ఇచ్చారు, లెక్క చక్కగా తేలిపోయింది. ఎంపిరికల్ బేస్‌లోకి (ప్రయర్ ఊహించకుండా పోగైన అనుభవం నుంచే లెక్క కట్టే పద్ధతిలోకి) వచ్చేసరికి థీటా అని ఒక అక్షరం పెట్టి, దాని డిస్ట్రిబ్యూషన్ ఏమిటో చెప్పలేదు, దాని విలువా ఎక్కడా కట్టలేదు, చివర్లో ప్రీమియం మాత్రం చేతిలో పెట్టారు. "ఈ థీటా అసలు ఏమిటి, అది స్థిరమా రాండమా, ఎవరూ దాన్ని లెక్కకట్టకుండా ప్రీమియం ఎలా వచ్చింది" అని అడిగారు. మీది రాజోలు వైపనీ, నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తారనీ కూడా రాశారు. అయితే ఇంకేమండీ, పుస్తకంలో ఉన్న కారు బీమా ఉదాహరణలు పక్కన పెట్టేద్దాం. మన దగ్గర చెరువుల బీమా అంత విరివిగా లేదు, అది వేరే గొడవ, కానీ ఈ విషయం అర్థం కావడానికి చెరువుని మించింది లేదు. కింద వాడిన అంకెలన్నీ లెక్క కోసం నేను కల్పించినవి, ఏ కంపెనీ అనుభవమూ కాదు.

భీమవరం, ఉండి, కాళ్ల వైపు ఎక్కడైనా గట్టు మీద నిలబడి చూడండి. పక్కపక్కనే రెండు చెరువులు, రెండూ నాలుగెకరాలే, ఒకే హేచరీ సీడు, ఒకే కంపెనీ మేత, ఏరేటర్లు కూడా దాదాపు అన్నే. ఒకదానికి మూడేళ్లలో రెండుసార్లు వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ రోగం) వచ్చి నెలన్నరకే పట్టుబడి చేసేశారు. పక్కదానికి ఏమీ కాలేదు. ఎందుకంటే ఒకాయన డ్రెయిన్ నీళ్లు నేరుగా తోడేస్తాడు, రెండో ఆయన నిల్వ చెరువులో పెట్టి బ్లీచింగ్ కొట్టి గానీ వదలడు. ఒకాయన పంట తీసిన పది రోజులకే మళ్లీ నీళ్లు పెడతాడు, రెండో ఆయన అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగడతాడు. పీతలు ఎక్కకుండా కంచె, పక్షులు వాలకుండా పైన తాళ్లు, సీడుకి పీసీఆర్ పరీక్ష (వైరస్ ఉందో లేదో చూసేది), రాత్రి రెండింటికి లేచి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసే అలవాటు, చెరువు అడుగు మట్టి గుణం, ఇవన్నీ కలిపితే ఒక చెరువుకి ఒక స్వభావం ఏర్పడుతుంది. ప్రపోజల్ ఫారంలో ఇందులో సగం అడగరు, అడిగినా నిజం రాయరు.

థీటా అంటే ఆ స్వభావానికి పెట్టుకున్న పేరు, అంతే. కచ్చితంగా చెప్పాలంటే మనకి కనపడి రేటులోకి వచ్చేసినవి (ఎకరాలు, ఎకరానికి ఎంత సీడు వదిలారు, ఉప్పునీటి చెరువా మంచినీటిదా) తీసేశాక ఇంకా మిగిలిపోయే తేడా. రెండు గుణాలుండాలి దానికి: ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మారాలి, ఒకే చెరువులో ఏళ్ల తరబడి మారకూడదు. అది ఒక అంకె కావాలనేమీ లేదు. పదిహేను విషయాల జాబితా అయినా ఫర్వాలేదు. మీకు కలిగిన గందరగోళంలో సగం ఇక్కడిదే, ఎందుకంటే పాయిజాన్ లెక్కలో థీటా, ఏడాదికి సగటు క్లెయిములు అనే రేటు, రెండూ ఒకటే అయిపోయాయి. అందుకని ప్రతిచోటా థీటా అంటే సగటే అనుకుంటాం. ఎంపిరికల్ బేస్‌లో అలా అనుకోకూడదు. అక్కడ థీటా ఒక చిరునామా లాంటిది, ఆ చిరునామాకి వెళితే రెండు అంకెలు దొరుకుతాయి. మొదటిది, ఆ చెరువుకి దీర్ఘకాలంలో ఏడాదికి సగటున ఎంత నష్టం వస్తుంది అనేది, పుస్తకంలో ఎం ఆఫ్ థీటా. దీన్ని సొంత సగటు అందాం. రెండోది, ఆ సగటు చుట్టూ ఏటికేడు ఎంత పైకీ కిందకీ పోతుంది అనే వేరియన్స్, ఎస్ స్క్వేర్ ఆఫ్ థీటా. దీన్ని సొంత హెచ్చుతగ్గు అందాం. వచ్చే ఏడాది ప్రీమియం కోసం మనకి కావలసింది సొంత సగటు. థీటా ఎవరిక్కావాలి?

స్థిరమా రాండమా అన్న ప్రశ్నకి వస్తాను. మీ నాన్నగారి చెరువు థీటా స్థిరమే, ఆ చెరువుకి ఉన్నది ఒకటే స్వభావం. కానీ ఆఫీసులో కూర్చున్నవాడి బల్ల మీదకి ప్రపోజల్ వచ్చినప్పుడు, డెల్టాలో ఉన్న అన్ని రకాల చెరువుల్లో ఇది ఏ రకమో వాడికి తెలియదు. ఆ తెలియకపోవడాన్ని అంకెల్లో పెట్టడానికే థీటాకి ఒక డిస్ట్రిబ్యూషన్. కాబట్టి లాటరీ రెండు దశల్లో జరుగుతోంది. మొదట ఏ థీటా ఉన్న చెరువు మన దగ్గరకి వచ్చింది అనేది, ఇది ఒక్కసారే. తర్వాత ఆ థీటా ఉన్న చెరువుకి ఈ ఏడాది ఎంత నష్టం వచ్చింది అనేది, ఇది ప్రతి ఏడూ. ఎక్కడైనా "ఈవీపీవీ, వీహెచ్ఎం" అని పొడి అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి, మొదటిది రెండో దశలోని గోల తాలూకు సగటు, రెండోది మొదటి దశలోని తేడా.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి ఏమీ తెలియకపోతే ముందు వాళ్ల ఇంటి గురించి వాకబు చేస్తారు కదా, ఆ ఇంట్లో అందరూ ఒకలాంటివాళ్లే అయితే ఆ వాకబు చాలు, అన్నదమ్ములు తలోరకం అయితే ఇంటి పేరు ఎందుకూ పనికిరాదు, అబ్బాయినే నాలుగు రోజులు గమనించాలి. క్రెడిబిలిటీ మొత్తం ఈ తూకమే. ఇంట్లోవాళ్ల మధ్య ఎడం ఎంత, ఒక్కొక్కడు రోజుకో రకంగా ఉండటం ఎంత.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, దీన్ని దాటకుండా ముందుకెళితే తర్వాత అన్నీ అడ్డం తిరుగుతాయి. పుస్తకంలో "థీటా తెలిస్తే ఏటేటా నష్టాలు పరస్పరం స్వతంత్రం" అని రాసి ఉంటుంది. చాలామంది మొదటి రెండు మాటలు వదిలేసి "నష్టాలు స్వతంత్రం" అని గుర్తుపెట్టుకుంటారు. స్వతంత్రమే అయితే నిరుటి క్లెయిములు చూసి ఈ ఏటి రేటు మార్చడం ఎందుకండీ? థీటా తెలిసిపోయి ఉంటే నిరుటి నష్టం మనకి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. తెలియదు కాబట్టే చెబుతుంది, అది థీటా గురించి ఒక ఆనవాలు ఇస్తుంది, ఆ ఆనవాలు వచ్చే ఏడాదికి పనికొస్తుంది. లెక్కలో చూస్తే ఒకే చెరువు తాలూకు రెండు ఏళ్ల నష్టాల మధ్య కోవేరియన్స్ (రెండూ కలిసి ఎంత ఊగుతాయి అన్న కొలత), సొంత సగట్ల వేరియన్స్‌కి సరిగ్గా సమానం. నిరూపణ కూడా ఒక్క వాక్యమే: థీటా ఇచ్చినప్పుడు కోవేరియన్స్ సున్నా, దాని సగటూ సున్నా, ఇక మిగిలింది రెండు ఏళ్ల కండిషనల్ సగట్ల మధ్య కోవేరియన్స్, ఆ రెండు సగట్లూ ఒకటే. చెరువులన్నీ ఒకే స్వభావం కలవైతే ఆ వేరియన్స్ సున్నా, అప్పుడు నిజంగానే గతం చూసి లాభం లేదు.

ఇప్పుడు బేసియన్ వైపు ఒక చిన్న లెక్క. చెరువుకి ఏడాదిలో వచ్చే క్లెయిముల సంఖ్య పాయిజాన్, రేటు థీటా. థీటాకి ప్రయర్ గామా, దాన్ని నిర్ణయించే రెండు అంకెలు ఆల్ఫా 2, బీటా 4. అంటే చెరువు గురించి ఏమీ తెలియకముందు మన అంచనా ఏడాదికి 2 బై 4, అంటే అర క్లెయిము. మూడేళ్లు చూశాం, 4 క్లెయిములు వచ్చాయి. పోస్టీరియర్ (క్లెయిములు చూశాక సవరించుకున్న నమ్మకం) కూడా గామానే, ఆల్ఫాకి క్లెయిములు కలుస్తాయి, బీటాకి ఏళ్లు కలుస్తాయి: 6, 7. పోస్టీరియర్ సగటు 6 బై 7, సుమారు 0.857. దీన్నే ఇంకోలా రాయొచ్చు. చెరువు సొంత అనుభవం 4 బై 3, దాని బరువు జెడ్ 3 బై 7. ప్రయర్ సగటు 0.5, దాని బరువు 4 బై 7. కలిపి చూడండి, అదే 0.857. జెడ్ = ఎన్ ÷ (ఎన్ + బీటా), ఎన్ అంటే మనం చూసిన ఏళ్లు.

బీటా అంటే ఏమిటో ఇక్కడ కళ్లకి కనపడుతుంది. మన ప్రయర్ "నాలుగేళ్లు చూశాను, రెండు క్లెయిములు వచ్చాయి" అని చెప్పే ఒక పెద్దమనిషి లాంటిది, మన మూడేళ్లు ఆయన నాలుగేళ్లతో కలిపి ఏడేళ్లు చేస్తున్నాం. ఆల్ఫా 20, బీటా 40 పెడితే ప్రయర్ సగటు మారదు, అదే అర, కానీ ఆ పెద్దమనిషి నలభై ఏళ్లు చూసినవాడు, మూడేళ్ల పిల్లవాడి మాట వినడు, జెడ్ 3 బై 43కి పడిపోతుంది. నార్మల్–నార్మల్ లెక్కలో కూడా ఇదే కథ, అక్కడ బీటా స్థానంలో ఏటికేడు వేరియన్స్‌ని, సగట్ల వేరియన్స్‌తో భాగించిన అంకె వస్తుంది.

ఇప్పుడు చిన్న పని చేయండి. పాయిజాన్–గామాలోనే సొంత సగటు, సొంత హెచ్చుతగ్గు రాయండి. పాయిజాన్‌కి రెండూ థీటానే. కాబట్టి హెచ్చుతగ్గుల సగటు ఆల్ఫా బై బీటా, సగట్ల వేరియన్స్ ఆల్ఫా బై బీటా స్క్వేర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే బీటా. ఆల్ఫా ఎగిరిపోయింది! అంటే జెడ్ కట్టడానికి గామా అని తెలియాల్సిన పనే లేదు, ఈ రెండు అంకెల నిష్పత్తి చాలు. స్విస్ గణితవేత్త బ్యూల్‌మాన్ 1967లో చూపించింది సరిగ్గా ఇదే. థీటా డిస్ట్రిబ్యూషన్ ఏదైనా సరే, గతానుభవానికి ఒక సరళరేఖ సూత్రం మాత్రమే వాడతానని ఒప్పుకుంటే, స్క్వేర్డ్ ఎర్రర్ (అంచనాలో తప్పుని వర్గం చేసి తీసిన సగటు) అతి తక్కువగా ఉండేది జెడ్ = ఎన్ ÷ (ఎన్ + కె), ఇక్కడ కె అంటే హెచ్చుతగ్గుల సగటుని సగట్ల వేరియన్స్‌తో భాగించింది. అంతకుముందు 1918లో విట్నీ కూడా ఇదే ఆకారానికి చేరాడు, 1950లో బెయిలీ దీన్ని బేస్ సూత్రంతో ముడిపెట్టాడు. పాయిజాన్–గామా లాంటి జంటల్లో ఈ సరళరేఖ జవాబు, అసలు బేసియన్ జవాబు రెండూ ఒకటే ఎందుకవుతాయో జ్యూవెల్ 1974లో చెప్పాడు. మిగతా చోట్ల ఈ సూత్రం బేసియన్ జవాబుకి దగ్గరి సరళరేఖ మాత్రమే.

మీ అసలు ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. థీటా విలువ కట్టకుండా ప్రీమియం ఎలా వచ్చిందంటే, కావలసినవి మూడే అంకెలు కాబట్టి: సొంత సగట్లన్నిటి సగటు, సొంత హెచ్చుతగ్గుల సగటు, సొంత సగట్ల మధ్య వేరియన్స్. బేసియన్ పద్ధతిలో ఈ మూడూ ప్రయర్ నుంచి వస్తాయి, ఆ ప్రయర్ మీరు నమ్మి పెట్టుకున్నది. ఎంపిరికల్ బేస్‌లో అవి పక్క చెరువుల లెక్కల పుస్తకం నుంచి వస్తాయి. నమ్మకం స్థానంలో ఇరుగుపొరుగు అనుభవం, తేడా అంతే.

లెక్క చేసి చూద్దాం. నాలుగు చెరువుల సమూహాలు, ఐదేళ్ల అనుభవం, ఎకరానికి నష్టం వేల రూపాయల్లో. క సమూహం: 4, 6, 5, 7, 3. ఖ: 8, 12, 9, 11, 10. గ: 9, 2, 16, 5, 8. ఘ: 3, 8, 5, 1, 3. సగట్లు వరసగా 5, 10, 8, 4. నాలుగింటి సగటు 6.75. ఒక్కొక్కదాని సొంత వేరియన్స్ (ఐదేళ్లు కాబట్టి నాలుగుతో భాగించాలి) 2.5, 2.5, 27.5, 7. వీటి సగటు 9.875, ఇది హెచ్చుతగ్గుల సగటుకి మన అంచనా.

ఇక సగట్ల మధ్య వేరియన్స్. 5, 10, 8, 4 అనే నాలుగు అంకెల వేరియన్స్ కడితే (మూడుతో భాగించి) 7.583. ఇదే జవాబని రాసి బయటికి వచ్చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ 5, 10 అనేవి సొంత సగట్లు కావు, ఐదేళ్ల నమూనా సగట్లు. చెరువులన్నీ అచ్చం ఒకే స్వభావం కలవైనా ఐదేళ్ల సగట్లు ఒకదానికొకటి కలవవు, అదృష్టం కొద్దీ కొంత తేడా ఉంటుంది. ఆ అదృష్టం వాటా 9.875 బై 5, అంటే 1.975. అది తీసేస్తే మిగిలేది 5.608, ఇది నిజంగా స్వభావాల మధ్య ఉన్న ఎడం. సూత్రంలో ఆ తీసివేత ఎందుకుందో బట్టీ పట్టక్కర్లేదు, ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సూత్రం దానంతట అదే రాసుకోవచ్చు.

కె = 9.875 ÷ 5.608, సుమారు 1.76. జెడ్ = 5 ÷ 6.76, సుమారు 0.74. ప్రీమియంలు: క కి 0.74 వంతు 5, మిగతా 0.26 వంతు 6.75, కలిపి 5.46. ఖ కి 9.15, గ కి 7.67, ఘ కి 4.72. కె అంటే 1.76 ఏళ్ల సొంత అనుభవం, మొత్తం సమూహం గురించి మనకున్న జ్ఞానం విలువ అంత. ఐదేళ్లు దాని ముందు బాగానే నిలబడ్డాయి.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒకటి అడుగుతాడు, మీరూ అడుగుతారనే అనుకుంటున్నాను. గ సమూహం 2 నుంచి 16 దాకా పిచ్చిపట్టినట్టు ఊగింది, ఖ సమూహం 8–12 మధ్య బుద్ధిగా ఉంది, మరి రెండింటికీ ఒకే 0.74 ఏమిటి, గ అనుభవాన్ని తక్కువ నమ్మాలి కదా అని. ఈ మోడల్‌లో జెడ్‌కి పనికొచ్చేది హెచ్చుతగ్గుల సగటు, ఒక్కొక్కదాని సొంత హెచ్చుతగ్గు కాదు. ఎందుకంటే గ తాలూకు సొంత హెచ్చుతగ్గు ఎంతో మనకి తెలియదు, తెలిసింది ఐదు అంకెల నుంచి కట్టిన 27.5 మాత్రమే, అందులో ఒక్క 16 చేసిన అల్లరే ఎక్కువ. ఐదు అంకెల వేరియన్స్‌ని నమ్మి రేటు కట్టడం కంటే నాలుగింటినీ కలిపి సగటు తీసుకోవడం నయం.

కానీ ఆ కలపడం వల్ల ఒక వింత జరుగుతుంది, దీన్ని మీరే చేసి చూసుకోండి. గ సమూహం మూడో ఏట 16 బదులు 6 వచ్చిందనుకోండి, మిగతా పందొమ్మిది అంకెలూ అవే. గ సగటు 6కి, వేరియన్స్ 7.5కి దిగుతాయి. హెచ్చుతగ్గుల సగటు 4.875, సగట్ల ఎడం 5.942, కె 0.82, జెడ్ 0.86. ఇప్పుడు ఖ ప్రీమియం చూడండి, 9.15 నుంచి 9.47కి పెరిగింది! ఖ చెరువుల్లో ఏమీ మారలేదు. పక్కవాడికి మూడో ఏట నష్టం తగ్గితే ఖ ఎందుకు ఎక్కువ కట్టాలి? పక్కవాడు నిదానంగా ఉన్నాడంటే "మొత్తానికి ఈ చెరువుల్లో అదృష్టం పాత్ర తక్కువ, ఎవరి నష్టం వాళ్ల స్వభావమే" అని తేలింది, దాంతో ఖ తాలూకు 10ని ఇంకొంచెం ఎక్కువ నమ్మాం, ఆదుకోవడానికి ఉన్న నాలుగు సమూహాల సగటు కూడా 6.75 నుంచి 6.25కి దిగింది. రైతుకి ఇది వివరించి చూడండి, ఆయన మిమ్మల్ని గట్టు దిగనివ్వడు. నాలుగే సమూహాలతో ఎంపిరికల్ బేస్ చేస్తే ఉండే పెళుసుదనం ఇది, నలభై ఉంటే ఒక్క అంకె ఇంత అల్లరి చేయదు. పరీక్షలో నాలుగే ఇస్తారు లెండి, చేతితో చేయాలి కదా.

ఇంతవరకు పుస్తకంలో దొరుకుతుంది. పనిలో దిగాక అసలు తలనొప్పి వేరు: థీటా ఎవరిది? చెరువుదా, రైతుదా? మన దగ్గర లీజు చెరువులు చాలా ఉన్నాయి. మూడేళ్లు ఒకాయన చేసి వదిలేశాడు, నాలుగో ఏడు ఇంకొకాయన ఎత్తుకున్నాడు. మట్టి అదే, డ్రెయిన్ అదే, చెయ్యి మారింది. ఏళ్ల తరబడి థీటా మారకూడదన్న షరతు అక్కడ తెగిపోయింది. పాత మూడేళ్ల అనుభవం కొత్తాయన మీద రుద్దితే ఆయనకి అన్యాయం, పూర్తిగా వదిలేస్తే మట్టి చెప్పే మాట పోతుంది. నా అభిప్రాయం అడిగితే రొయ్యల్లో చేతి వాటా ఎక్కువ, లీజు మారితే ఏళ్లు మొదటి నుంచి లెక్కపెట్టమంటాను, అంటే ఎన్ సున్నా, ప్రీమియం అందరి సగటు. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, డ్రెయిన్ చివర ఉన్న చెరువు ఎవరు చేసినా మునుగుతుందంటారు, వాళ్ల మాటా కొట్టిపారేయలేం.

ఈ ప్రశ్నకి బీమా పథకాలు పైకి చెప్పకుండా తలోరకంగా జవాబు చెబుతాయి. మోటారు బీమాలో నో క్లెయిమ్ బోనస్ తీసుకోండి. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం తగ్గింపు, తర్వాత 25, 35, 45, వరసగా ఐదేళ్లు నిండితే 50. బండి అమ్మేస్తే ఆ బోనస్ బండితో పోదు, పాత యజమాని కొత్త బండికి తీసుకెళ్లొచ్చు. అంటే అక్కడ థీటా మనిషిది, ఇనుముది కాదు. అదే ఫసల్ బీమా యోజన తీసుకుంటే, ప్రధాన పంటలకి గ్రామమే బీమా యూనిట్, గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు దిగుబడి పట్టుకుని హామీ దిగుబడి కడతారు. మీ మామయ్య ఎంత బాగా వరి చేసినా, పక్కాయన ఎంత నిర్లక్ష్యం చేసినా ఇద్దరికీ ఒకటే లెక్క. అక్కడ థీటా ఊరిది. రెండూ తప్పు కాదు, కానీ ఏదో ఒకటి ఎంచుకున్నాకే మిగతా లెక్క మొదలవుతుంది, ఎంచుకున్నానని గుర్తు లేకుండా ఎంచుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకో షరతు కూడా ఉంది, ఒక చెరువు థీటాకీ ఇంకో చెరువు థీటాకీ, వాటి నష్టాలకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. డెల్టాలో ఇది కాగితం మీద మాటే. వైట్ స్పాట్ వచ్చిన చెరువు నీళ్లు రాత్రికి రాత్రే యనమదుర్రు డ్రెయిన్‌లోకో గొంతేరులోకో వదిలేస్తారు, కింద చెరువువాడు పొద్దున్నే మోటారు వేసి అవే తోడుకుంటాడు. ఇక తుపాను సంగతి చెప్పనే అక్కర్లేదు. 1996 నవంబరు 6న కోనసీమని తుడిచిపెట్టిన తుపాను కొబ్బరిచెట్టు కొబ్బరిచెట్టుకీ, చెరువు చెరువుకీ విడివిడిగా రాలేదు, అందరికీ ఒకే రాత్రి వచ్చింది. అలాంటి ఏడాది పట్టికలో ఉంటే అన్ని సమూహాల సగట్లూ కలిసికట్టుగా పెరుగుతాయి, వాటి మధ్య ఎడం మాత్రం అంతగా పెరగదు. ఏటికేడు హెచ్చుతగ్గు ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఫలితంగా జెడ్ అన్యాయంగా పడిపోతుంది, బాగా చేసేవాడికీ చేయనివాడికీ తేడా చెరిగిపోతుంది. అందుకని తుపాను, వరద నష్టాల్ని ముందే విడదీసి వాటికి వేరే రేటు కట్టాలి, క్రెడిబిలిటీ లెక్క మిగిలిన రోగాల నష్టాల మీదే చేయాలి. కట్టే ప్రీమియంలో ఆ రెండూ తర్వాత కలుపుకోవచ్చు.

మోడల్ 2 గురించి కూడా అడిగారు, క్లుప్తంగా చెబుతాను. మోడల్ 1లో, అంటే పైన చేసిన లెక్కలో, ప్రతి ఏడూ సమానం. కానీ విస్తీర్ణం ఏటా ఒకలా ఉంటుందా? 2011లో కోనసీమ వరి రైతులు క్రాప్ హాలిడే (పంట వేయకుండా మానేయడం) అన్నారు గుర్తుందా, అలాంటి ఏడాది బీమాలోకి వచ్చే ఎకరాలు అన్ని ఏళ్లలాగే ఎందుకుంటాయి? ధర పడిపోయి సీడు వదలని ఏడు రొయ్యలకీ అంతే. నలభై ఎకరాల మీద వచ్చిన ఎకరా సగటునీ, నాలుగొందల ఎకరాల మీద వచ్చిన ఎకరా సగటునీ సమానంగా నమ్మకూడదు. 1970లో బ్యూల్‌మాన్, స్ట్రౌబ్ కలిసి ఇచ్చిన సవరణ ఇదే: ఎకరా సగటు తాలూకు వేరియన్స్ ఎకరాలు పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో తగ్గుతుందని పెట్టుకుంటారు. అప్పుడు జెడ్‌లో ఏళ్ల స్థానంలో మొత్తం ఎకరాలు వస్తాయి, అన్ని ఏళ్లవీ కూడి. కె కూడా ఇప్పుడు ఏళ్లలో ఉండదు, ఎకరా-ఏళ్లలో ఉంటుంది. కె 600 అనుకుంటే, ఐదేళ్లూ ఏడాదికి 40 ఎకరాలున్న సమూహానికి 200 బై 800, జెడ్ 0.25. ఐదేళ్లూ 480 ఎకరాలున్నదానికి 2400 బై 3000, జెడ్ 0.8. మోడల్ 1లో అందరికీ ఒకే జెడ్, ఇక్కడ ఎవరి జెడ్ వాళ్లది. పరీక్షలో ఏ మోడల్ వాడాలో తేల్చుకోవడానికి పట్టికలో ఏటేటా మారే ఇంకో వరస (పాలసీలు, ఎకరాలు, జీతాల బిల్లు ఏదైనా) ఉందేమో చూడండి, ఉంటే మోడల్ 2.

డ్రెయిన్ సంగతి ఇక్కడ కూడా కాలికి తగులుతుంది. 480 ఎకరాలూ ఒకే కాలువ నీళ్లు తాగుతుంటే అవి 480 విడి ఎకరాలు కావు, రోగం దృష్టిలో అది ఒకటే పెద్ద చెరువు. విస్తీర్ణం పన్నెండు రెట్లయినంత మాత్రాన వేరియన్స్ పన్నెండో వంతుకి దిగదు. 0.8 అని వచ్చిన జెడ్‌ని అలాంటి చోట నేనైతే కొంచెం కిందకి లాగుతాను, ఎంత అంటే ఆ కాలువ మీద ఎన్ని తూములున్నాయో చూడాలి, సూత్రం చెప్పదు.

చివరిగా మీరు చిన్న అక్షరాల్లో అడిగినది: సగట్ల ఎడం అంచనా మైనస్‌లో వస్తే ఏం చేయాలి. వస్తుంది, తీసివేత ఉంది కదా. నమూనా సగట్లలో కనపడిన తేడా మొత్తం అదృష్టంతోనే సరిపెట్టేయొచ్చు, ఇంకా అదృష్టమే మిగిలింది అని దాని అర్థం. వేరియన్స్ మైనస్ ఉండదు కాబట్టి సున్నా పెట్టండి, జెడ్ సున్నా, ప్రతి సమూహానికీ అన్నిటి సగటే ప్రీమియం. జవాబు పత్రంలో మైనస్ అంకె కొట్టేసి మళ్లీ మళ్లీ కూడికలు వెతుకుతూ కూర్చోకండి. ఆ అంకె చూపించి, సున్నాగా తీసుకుంటున్నానని ఒక వాక్యం రాసి, ప్రీమియం కట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోండి.